నేర బాధితుల పరిహారం అర్జీని తిరస్కరిస్తే: అప్పీలు ఎవరికి, ఏ కారణంతో, ఎంత గడువులో

దాడిలో గాయపడినవారికి, హత్యకు గురైన మనిషి కుటుంబానికి, అత్యాచారానికో యాసిడ్ దాడికో గురైన మహిళకు ప్రభుత్వమే తన నిధి నుంచి పరిహారం ఇవ్వాలన్న నియమం మన దేశంలో 2009 డిసెంబరు 31 నుంచి అమల్లో ఉంది. నేర విచారణ స్మృతిలో 357ఎ సెక్షన్‌గా చేరిన ఈ నియమం, 2024 జులై 1 నుంచి భారతీయ నాగరిక సురక్షా సంహితలో 396వ సెక్షన్‌గా కొనసాగుతోంది. చట్టం ఉందని తెలిసినవారే తక్కువ. తెలిసి అర్జీ పెట్టుకున్నవారిలోనూ, తిరస్కరణ ఉత్తర్వు చేతికి రాగానే అదే చివరి మాట అనుకుని కాగితాలు మూటగట్టి అటకెక్కించేవారు ఉంటారు. ఆ ఉత్తర్వు చివరి మాట కాదు. అయితే దాన్ని ఎదుర్కొనే దారి ఒక్కటే కాదు. ఏ దారిన వెళ్లాలన్నది ఉత్తర్వులో రాసిన కారణాన్ని బట్టి ఉంటుంది. చాలా అర్జీలు రెండోసారి కూడా వీగిపోయేది ఈ సంగతి పట్టించుకోకపోవడం వల్లనే. అప్పీలులో నేరం ఎంత ఘోరమైనదో మళ్లీ మొదటి నుంచి చెబుతారు గానీ, అధికారి ఏ కారణంతో కాదన్నారో దానికి జవాబు ఇవ్వరు.

ముందుగా విడదీసి చూడవలసినవి రెండు పరిహారాలు. నేరం రుజువై శిక్ష వేసేటప్పుడు నిందితుడే బాధితుడికి డబ్బు చెల్లించాలని కోర్టు ఆదేశించవచ్చు. దీనికి ఆధారం కొత్త సంహితలోని 395వ సెక్షన్. ఆ మొత్తం చాలదనుకుంటే 413వ సెక్షన్ కింద బాధితుడికి నేరుగా అప్పీలు చేసే హక్కు ఉంది. 396వ సెక్షన్ కింద వచ్చేది వేరు. అక్కడ చెల్లించేది ప్రభుత్వం, మొత్తాన్ని నిర్ణయించేది జిల్లా లేదా రాష్ట్ర న్యాయ సేవాధికార సంస్థ. మొదటి దానికి నిందితుడు దొరకాలి, నేరం రుజువు కావాలి, అతని దగ్గర డబ్బు ఉండాలి. రెండో దానికి ఈ మూడూ అక్కర్లేదు. కేసు కొట్టివేసినా, నిందితుడు నిర్దోషిగా బయటపడినా, బాధితుడికి పునరావాసం అవసరమైతే పరిహారానికి సిఫారసు చేయవచ్చని 396వ సెక్షన్ మూడో ఉపనిబంధన స్పష్టంగా చెబుతోంది. నేరం చేసిందెవరో తెలియక విచారణే జరగని సందర్భంలో బాధితుడు నేరుగా అర్జీ పెట్టుకోవచ్చని నాలుగో ఉపనిబంధన చెబుతోంది. అర్జీ లేదా సిఫారసు అందిన 2 నెలల్లోగా విచారణ ముగించి తగిన పరిహారం నిర్ణయించాలన్నది ఐదో ఉపనిబంధన. తిరస్కరణను ఎదుర్కొనేవారు కంఠతా పట్టవలసినవి ఈ మూడు ఉపనిబంధనలు.

తర్వాతి ప్రశ్న, మీ అర్జీ ఏ పథకం కిందికి వస్తుందన్నది. ఆంధ్రప్రదేశ్‌కు, తెలంగాణకు వేర్వేరుగా బాధితుల పరిహార పథకాలు ఉన్నాయి. వాటి కింద పురుషులు, మహిళలు అందరూ అర్హులే. వాటికి తోడు, మహిళలపై జరిగిన లైంగిక దాడులు, ఇతర నేరాల కోసం జాతీయ న్యాయ సేవాధికార సంస్థ, అంటే నల్సా, 2018లో ఒక పథకం రూపొందించింది. నిపుణ్ సక్సేనా కేసులో సుప్రీంకోర్టు దాన్ని ఆమోదించి, ఆ ఏడాది అక్టోబరు 2 నుంచి దేశమంతటా అమలు చేయాలని చెప్పింది. పద్దెనిమిదేళ్లలోపు పిల్లలపై లైంగిక నేరాలైతే పోక్సో ప్రత్యేక కోర్టే 2020 నాటి నిబంధనల్లోని 9వ నియమం కింద పరిహారం ఆదేశిస్తుంది. ఎఫ్‌ఐఆర్ నమోదైన తర్వాత ఏ దశలోనైనా మధ్యంతర పరిహారం ఇవ్వవచ్చు. షెడ్యూల్డ్ కులాలు, తెగల వారిపై అత్యాచారాల నిరోధక చట్టం, అంటే అట్రాసిటీ చట్టం కింద ఇచ్చే సహాయం పూర్తిగా వేరే దారి. అది జిల్లా కలెక్టరు ద్వారా, ఎఫ్‌ఐఆర్, చార్జిషీటు, తీర్పు దశల్లో విడతలుగా అందుతుంది. ఒక దారిలో వచ్చిన తిరస్కరణకు మరో దారిలో అప్పీలు వేస్తే అది విచారణకే రాదు.

ఇక్కడ ఒక పొరపాటు తరచుగా జరుగుతుంది. భర్త హత్యకు గురైనప్పుడు భార్య మహిళ కాబట్టి మహిళల పథకం వర్తిస్తుందనుకుంటారు. ఆ పథకంలో బాధితురాలు అంటే నేరానికి గురైన మహిళ. హతుడు పురుషుడైతే భార్య అతని ఆధారితురాలిగా రాష్ట్ర పథకం కింద అర్జీ పెట్టాలి. ఇలా పథకం తప్పినందుకే తిరస్కరణ వస్తే, అప్పీలు కన్నా సరైన పథకం పేరుతో వెంటనే కొత్త అర్జీ పెట్టడమే మేలు. ఆ అర్జీలోనే పాత అర్జీ తేదీని, నంబరును పేర్కొని, తాను గడువులోనే సంస్థ తలుపు తట్టానని రాతపూర్వకంగా నమోదు చేయించుకోవాలి.

ఉత్తర్వు చేతిలో లేకుండా అప్పీలు లేదు

'మీది రిజెక్ట్ అయిందమ్మా' అని కార్యాలయంలో ఎవరో నోటిమాటగా చెప్పడం తిరస్కరణ కాదు. రాతపూర్వకమైన ఉత్తర్వు, దానిలో కారణం, దాని మీద తేదీ, సంతకం ఉండాలి. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు ప్రధాన జిల్లా న్యాయమూర్తి అధ్యక్షుడు. రోజువారీ పని చూసే కార్యదర్శి కూడా న్యాయాధికారే. కాబట్టి కారణం లేని ఉత్తర్వు అక్కడి నుంచి రాకూడదు. వస్తే ఆ లోపమే అప్పీలులో మొదటి అంశం అవుతుంది. ఉత్తర్వు ధ్రువీకృత ప్రతితో పాటు, దానికి ఆధారంగా తీసుకున్న పోలీసు నివేదికను, విచారణ నివేదికను కూడా రాసి అడగాలి. ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. అర్జీదారుకు తెలియకుండా స్టేషన్ నుంచి వచ్చిన నాలుగు వాక్యాల నివేదికే తిరస్కరణకు మూలమని ఒక్కోసారి అప్పుడు బయటపడుతుంది. తనకు వ్యతిరేకంగా వాడిన కాగితాన్ని చూపించకుండా, జవాబు చెప్పుకునే అవకాశం ఇవ్వకుండా నిర్ణయం తీసుకోవడం సహజ న్యాయ సూత్రాలకు విరుద్ధం. ఈ అంశాన్ని అప్పీలులో తప్పకుండా రాయాలి.

ఉత్తర్వు అందిన తేదీ చాలా ముఖ్యం, ఎందుకంటే గడువు అక్కడి నుంచి నడుస్తుంది. కవరును పారేయకూడదు, చేతికి ఇస్తే సంతకం పక్కన తేదీ వేయాలి. రాష్ట్రాల పథకాల్లో సాధారణంగా కనిపించే నిబంధన ప్రకారం, జిల్లా సంస్థ పరిహారం నిరాకరిస్తే 90 రోజుల్లోగా రాష్ట్ర న్యాయ సేవాధికార సంస్థకు అప్పీలు చేసుకోవాలి. నల్సా మహిళా పథకంలో ఆ గడువు ఉత్తర్వు అందిన నాటి నుంచి 30 రోజులే. రెండింటిలోనూ తగిన కారణం చూపితే జాప్యాన్ని మన్నించే అధికారం ఉంది. ఏ పథకమో తేలని స్థితిలో 30 రోజులనే తన గడువుగా భావించి నడుచుకోవడం క్షేమం. అప్పీలు ఎవరి పేరున వేయాలో, అంటే జిల్లా సంస్థ అధ్యక్షుడికా, రాష్ట్ర సంస్థకా అన్నది, ఉత్తర్వు మీద సంతకం చేసింది ఎవరన్న దాన్ని బట్టి, పథకంలోని అప్పీలు నిబంధనను బట్టి తేలుతుంది. ఆ నిబంధన ప్రతిని అదే కార్యాలయంలో అడిగి తీసుకోవచ్చు.

తిరస్కరణగా కనిపించేవి, నిజానికి కానివి కొన్ని ఉన్నాయి. అర్జీ పెట్టి నెలలు గడిచినా ఏ ఉత్తర్వూ రాకపోవడం తిరస్కరణ కాదు, చట్టం విధించిన 2 నెలల గడువును పాటించకపోవడం. దానికి అప్పీలు ఉండదు. ముందు రాతపూర్వకంగా గుర్తుచేసి, ఫలితం లేకుంటే హైకోర్టులో రిట్ పిటిషన్ వేయాలి. పరిహారం మంజూరై, నిధులు లేవని డబ్బు జమ కాకపోయినా అదే దారి. ఇక 4 లక్షలు మంజూరైందని చెప్పి ఖాతాలో లక్షే పడితే, మిగిలింది కోసేశారని కంగారుపడేవారు ఉన్నారు. నల్సా పథకం ప్రకారం మంజూరైన మొత్తంలో 25 శాతం వెంటనే వాడుకోవడానికి ఇచ్చి, 75 శాతాన్ని కనీసం 3 ఏళ్లు ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఉంచుతారు. బాధితురాలు మైనరైతే 80 శాతం డిపాజిట్‌లో ఉంటుంది.

కారణానికి జవాబు

తిరస్కరణకు ఎక్కువగా కనిపించే కారణం గడువు. రాష్ట్రాల పథకాల్లో కొన్ని ఆరు నెలలు, కొన్ని ఏడాది అంటాయి. నల్సా పథకంలో నేరం జరిగిన నాటి నుంచి లేదా విచారణ ముగిసిన నాటి నుంచి 3 ఏళ్లు. ఇక్కడ 'లేదా విచారణ ముగిసిన నాటి నుంచి' అన్న మాట ఎంతోమందికి ప్రాణం. నేరం 2019లో జరిగి, సెషన్స్ కోర్టు తీర్పు 2024లో వచ్చి ఉంటే, గడువును 2019 నుంచి లెక్కగట్టి కాదనడం తప్పు. అంతకు మించి, గడువు నిజంగానే దాటినా, తగిన సందర్భాల్లో కారణాలు నమోదు చేసి మన్నించే అధికారం పథకంలోనే ఉంది. 'గడువు దాటినందున తిరస్కరించడమైనది' అని ఒక్క ముక్కలో రాసిన ఉత్తర్వు ఆ అధికారాన్ని అసలు పరిశీలించలేదని అర్థం.

ఇది అప్పీలులో ఎలా రాయాలో ఒక ఊహాజనిత ఉదాహరణతో చూద్దాం. భర్తను దుండగులు చంపిన ఒక మహిళ రెండేళ్ల తర్వాత అర్జీ పెట్టింది. గడువు పేరుతో కాదన్నారు. 'నాకు చట్టం తెలియదు, దయచేసి న్యాయం చేయండి' అని రాస్తే అది విన్నపమే గానీ వాదన కాదు. దాని బదులు ఇలా రాయవచ్చు: 'నా భర్త మరణించిన తర్వాత పరిహార పథకం గురించి పోలీసు స్టేషన్‌లో గానీ, చార్జిషీటు వేసిన కోర్టులో గానీ నాకు ఎవరూ తెలియజేయలేదు. మధ్యంతర పరిహారం అవసరమా అన్నది ఎవరూ అడగకముందే పరిశీలించడం కోర్టుల బాధ్యత అని సుప్రీంకోర్టు 2014లో సురేష్ వర్సెస్ హరియాణా రాష్ట్రం కేసులో చెప్పింది. నా విషయంలో ఆ పరిశీలన జరగలేదు. పథకం గురించి నాకు మొదటిసారి తెలిసిన తేదీ ఇది, దానికి ఆధారం ఇది. తెలిసిన తర్వాత నేను ఆలస్యం చేయలేదు. జాప్యాన్ని మన్నించే అధికారాన్ని కింది ఉత్తర్వు పరిశీలించనే లేదు.' ఈ అయిదారు వాక్యాలకు జతగా ఒక అఫిడవిట్, జాప్యాన్ని మన్నించమని కోరే ప్రత్యేక పిటిషన్ ఉండాలి. ఈ పిటిషన్ లేకుండా ప్రధాన అప్పీలు ఒక్కటే వేస్తే, అడగని ఊరట ఎలా ఇస్తామని పక్కన పెట్టేసే ప్రమాదం ఉంది.

రెండో కారణం, కోర్టు సిఫారసు లేదన్నది. కేసు విచారణలో ఉన్నప్పుడు, నిందితుడు ఎవరో తెలిసినప్పుడు, రాష్ట్ర పథకం కింద నేరుగా పెట్టిన అర్జీకి ఈ జవాబు వస్తుంది. 396వ సెక్షన్‌ను అక్షరం వెంట అక్షరం చదివితే ఇది పూర్తిగా నిరాధారమైన అభ్యంతరం కాదు. సెక్షన్‌లో నేరుగా అర్జీ పెట్టుకునే హక్కు చెప్పింది నిందితుడు దొరకని సందర్భానికే. నల్సా మహిళా పథకం మాత్రం ఎఫ్‌ఐఆర్ ప్రతితో నేరుగా అర్జీ పెట్టుకోనిస్తుంది. యాసిడ్ దాడి, అత్యాచారం వంటి నేరాల్లో ఎఫ్‌ఐఆర్ ప్రతిని పోలీసులే న్యాయ సేవాధికార సంస్థకు పంపాలని కూడా చెబుతుంది. కాబట్టి మహిళా పథకం వర్తించే కేసులో సిఫారసు లేదని కాదంటే అది అప్పీలుకు గట్టి అంశం. వర్తించని కేసులో అప్పీలు కోసం నెలలు వెచ్చించడం కంటే, కేసు నడుస్తున్న కోర్టులోనే పబ్లిక్ ప్రాసిక్యూటర్ ద్వారా గానీ సొంత న్యాయవాది ద్వారా గానీ సిఫారసు కోరుతూ పిటిషన్ వేయడం దగ్గరి దారి. కోర్టు పరిహారం సంగతి తలపెట్టకుండానే తీర్పు ముగించి ఉంటే, ఆ తీర్పుపై పై కోర్టులో అప్పీలు పెండింగులో ఉన్నప్పుడు అక్కడే సిఫారసు అడగవచ్చు. పరిహారం ప్రశ్నను ప్రతి కేసులో బుద్ధిపెట్టి పరిశీలించి, ఇచ్చినా ఇవ్వకపోయినా కారణం రాయాలని 2013లో అంకుష్ శివాజీ గైక్వాడ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మహిళలు, మైనర్లపై లైంగిక దాడుల కేసుల్లో తీర్పు చెప్పేటప్పుడే సెషన్స్ కోర్టులు బాధితుల పరిహారం గురించి ఆదేశించాలని 2024 నవంబరులో మళ్లీ చెప్పవలసి వచ్చింది. రెండోసారి చెప్పవలసి వచ్చిందంటే కింది స్థాయిలో ఆ పని ఎంత తరచుగా మరుగున పడుతోందో ఊహించుకోవచ్చు.

మూడోది నాకు అన్నిటికంటే అన్యాయంగా తోచే కారణం: నిందితుడు నిర్దోషిగా విడుదలయ్యాడు కాబట్టి పరిహారం లేదనడం. ఇలా రాసిన ఉత్తర్వు 396వ సెక్షన్ మూడో ఉపనిబంధనకు ఎదురుగా నిలబడుతుంది. నిర్దోషిగా విడుదల చేయడానికి కారణాలు అనేకం ఉంటాయి. చీకట్లో ముఖం సరిగా కనబడలేదని గుర్తింపు చెల్లకపోవచ్చు. పంచనామాలో లోపం ఉండవచ్చు. సాక్షులు ఎదురు తిరిగి ఉండవచ్చు. వీటిలో ఏదీ ఆ మనిషి కత్తిపోటుకు గురికాలేదని చెప్పదు. అందుకని తీర్పు ప్రతిని జతపరచి, దానిలో గాయం నిజమేనని, దాడి జరిగిందని కోర్టు ఒప్పుకున్న పేరాలను నంబర్లతో సహా ఎత్తి చూపాలి. నేర విచారణలో అనుమానానికి తావులేని రుజువు కావాలి. పరిహార విచారణలో చూడవలసింది నేరం వల్ల నష్టం జరిగిందా, పునరావాసం అవసరమా అన్నదే. బాధితురాలే కోర్టులో ఎదురు తిరిగిన కేసు మాత్రం కష్టమైనది. పోలీసులకు, ప్రాసిక్యూషన్‌కు సహకరించాలన్న షరతు కొన్ని రాష్ట్రాల పథకాల్లో ఉంది. అటువంటప్పుడు ఒత్తిడి, బెదిరింపు, ఊరి పెద్దల పంచాయితీ వంటివి జరిగి ఉంటే దాచకుండా, తేదీలతో చెప్పుకోవడమే దారి. జరగని బెదిరింపును సృష్టించి రాస్తే ఉన్న కాస్త నమ్మకమూ పోతుంది.

వైద్య పత్రాలు

ఎక్కువ శ్రద్ధ పెట్టవలసిన చోటు ఇది. అర్జీ వీగిపోయేది చాలాసార్లు చట్టం వల్ల కాదు, ఆసుపత్రి కాగితం వల్ల. దాడి జరిగిన రాత్రి ప్రభుత్వాసుపత్రికి వెళితే మెడికో లీగల్ కేసుగా నమోదు చేసి, తర్వాత గాయాల ధ్రువపత్రం ఇస్తారు. ఎక్స్‌రే రాకముందే రాసిన పత్రంలో గాయం స్వభావంపై అభిప్రాయం తర్వాత చెబుతామని ఉంటుంది. ఆ 'తర్వాత' చాలామంది విషయంలో రాదు. బాధితుడు ప్రైవేటు ఆసుపత్రికి మారిపోతాడు, ఎక్స్‌రే ఫిల్ములు ఇంట్లో ఉండిపోతాయి, స్టేషన్‌కు పాత పత్రమే చేరుతుంది, దాన్ని చూసి గాయాలు సాధారణమైనవని ఉత్తర్వు వస్తుంది. అప్పీలు వేసేముందు ఆ ఆసుపత్రికి వెళ్లి, ఎక్స్‌రే, స్కానింగ్ నివేదికలు, డిశ్చార్జి సమ్మరీ చూపించి తుది అభిప్రాయం రాయించుకోవాలి. భారతీయ న్యాయ సంహిత 116వ సెక్షన్ ప్రకారం ఎముక గానీ పన్ను గానీ విరగడం, స్థానం తప్పడం తీవ్ర గాయమే; 15 రోజుల పాటు తీవ్రమైన నొప్పి అనుభవించినా, మామూలు పనులు చేసుకోలేకపోయినా అదీ తీవ్ర గాయమే. పాత శిక్షా స్మృతిలో అది 20 రోజులు. విరిగిన పన్నును చిన్న విషయంగా భావించి చెప్పకుండా వదిలేసినవారి కేసు ఆ ఒక్క పన్నుతో మారిపోవచ్చు.

శాశ్వత వైకల్యం ఉన్నప్పుడు శాతమే పరిహారాన్ని నిర్ణయిస్తుంది. నల్సా పథకం పట్టికలో 80 శాతం, అంతకు మించిన వైకల్యానికి 2 నుంచి 5 లక్షలు. 40 నుంచి 80 శాతానికి 2 నుంచి 4 లక్షలు. 20 నుంచి 40 శాతానికి 1 నుంచి 3 లక్షలు. అత్యాచారానికి 4 నుంచి 7 లక్షలు, సామూహిక అత్యాచారానికి, ప్రాణనష్టానికి 5 నుంచి 10 లక్షలు, యాసిడ్ దాడిలో ముఖం వికృతమైతే 7 నుంచి 8 లక్షలు. లైంగిక దాడికో యాసిడ్ దాడికో గురైన బాధితురాలు మైనరైతే ఇవి 50 శాతం పెరుగుతాయి. మన రెండు రాష్ట్రాల్లో వైకల్య శాతానికి అందరికీ తెలిసిన పత్రం సదరం సర్టిఫికెట్. దాడి తర్వాత నెలల తరబడి చికిత్స సాగుతుంటే వైద్యమండలి వెంటనే శాశ్వత శాతం చెప్పలేకపోవచ్చు. అలాంటప్పుడు సదరం లేదన్న కారణంతో తిరస్కరించకుండా అర్జీని పెండింగులో ఉంచి మధ్యంతర సహాయం ఇవ్వమని కోరాలి. 396వ సెక్షన్ ఆరో ఉపనిబంధన ఉచిత వైద్యాన్ని, మధ్యంతర ఊరటను అనుమతిస్తుంది. దానికి స్టేషన్ హౌస్ ఆఫీసరు స్థాయికి తగ్గని పోలీసు అధికారి లేదా ఆ ప్రాంత మేజిస్ట్రేటు ధ్రువపత్రం చాలు. యాసిడ్ బాధితులకైతే లక్ష్మి కేసులో సుప్రీంకోర్టు 2013లోనే కనీసం 3 లక్షలు, అందులో లక్ష 15 రోజుల్లో, మిగతాది 2 నెలల్లో ఇవ్వాలని ఆదేశించింది. పరివర్తన్ కేంద్ర కేసులో 2015లో, ఆ 3 లక్షలు కనిష్ఠమే గానీ గరిష్ఠం కాదని చెప్పి, ఇద్దరు అక్కాచెల్లెళ్లలో ప్రధాన బాధితురాలికి 10 లక్షలు, ఆమె చెల్లెలికి 3 లక్షలు ఇప్పించింది.

శరీరం మీద మచ్చ లేని గాయాలను అధికారులు తేలికగా తోసేస్తారు. నల్సా పట్టికలో పునరావాసం అవసరమైన మానసిక గాయానికీ 1 నుంచి 2 లక్షల పరిహారం ఉందని గుర్తుచేయాలి. ప్రభుత్వాసుపత్రి మానసిక వైద్యుడు రాసిన చికిత్స పత్రాలు, మానేసిన ఉద్యోగానికో చదువుకో సంబంధించిన కాగితాలు ఇక్కడ పనికొస్తాయి.

ఇతర కారణాల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. వేరే పథకం కింద డబ్బు వచ్చిందని కాదంటే, వచ్చిన మొత్తం ఎంతో, ఏ పద్దు కింద వచ్చిందో లెక్క చూపి, మిగతాది అడగాలి. వేరే సహాయం అందితే దాన్ని లెక్కలోకి తీసుకోవచ్చు గానీ, అందిందన్న ఒక్క కారణంతో మొత్తం నిరాకరించడానికి వీల్లేదని వాదించాలి. వారసులెవరో తేలలేదంటే తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం జతపరచాలి. ఫిర్యాదు ఆలస్యమైందంటే ఆసుపత్రిలో స్పృహ లేకుండా ఉన్న రోజుల రికార్డు చాలు.

రాష్ట్ర సంస్థ కూడా కాదంటే

రాష్ట్ర న్యాయ సేవాధికార సంస్థకు కార్యనిర్వాహక అధ్యక్షుడిగా ఉండేది హైకోర్టు న్యాయమూర్తి లేదా విశ్రాంత న్యాయమూర్తి. అక్కడా ఊరట దక్కకపోతే రాజ్యాంగంలోని 226వ అధికరణ కింద హైకోర్టులో రిట్ వేయవచ్చు; తెలంగాణవారికి అది హైదరాబాద్‌లో, ఆంధ్రప్రదేశ్‌వారికి అమరావతి నేలపాడులో. రిట్‌లో హైకోర్టు సాక్ష్యాలను మొదటి నుంచి తూకం వేయదు. ఉత్తర్వులో కారణం ఉందా, పథకాన్ని సరిగ్గా చదివారా, అర్జీదారు మాట విన్నారా అన్నది చూస్తుంది. అందుకే వైద్య పత్రాలన్నీ అప్పీలు దశలోనే రికార్డులోకి ఎక్కించాలి. చాలాసార్లు వచ్చే ఫలితం, ఉత్తర్వును రద్దుచేసి ఇన్ని వారాల్లో మళ్లీ నిర్ణయించమని వెనక్కి పంపడం. దాన్ని ఓటమిగా భావించనక్కర్లేదు. మళ్లీ విచారించేటప్పుడు పాత కారణాన్నే తిరిగి రాయడం కష్టం.

పోక్సో కోర్టు మధ్యంతర పరిహారం నిరాకరిస్తే న్యాయ సేవాధికార సంస్థకు అప్పీలు ఉండదు, అది కోర్టు ఉత్తర్వు కాబట్టి హైకోర్టుకే వెళ్లాలి. అదే కోర్టులో, పరిస్థితి మారినప్పుడు, ఉదాహరణకు పాపకు మరో శస్త్రచికిత్స అవసరమైనప్పుడు, కొత్తగా అర్జీ పెట్టుకోవడానికీ అడ్డులేదు. ఆ కోర్టు ఆదేశించిన మొత్తాన్ని 30 రోజుల్లోగా చెల్లించాలని 9వ నియమం చెబుతోంది.

న్యాయవాదిని పెట్టుకునే స్తోమత లేదని ఎవరూ ఆగిపోనక్కర్లేదు. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం మహిళలు, పిల్లలు, షెడ్యూల్డ్ కులాలు, తెగల వారు, వికలాంగులు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయానికి అర్హులు. మిగతావారిలో ఎక్కువమందికి ఆదాయ పరిమితి ఉంటుంది. తిరస్కరించిన సంస్థే న్యాయవాదిని ఇస్తుందా అన్న సందేహం సహజమే. ఇవ్వాలి, ఇస్తుంది, హైకోర్టు స్థాయిలో దానికి వేరే కమిటీయే ఉంది. 15100 నంబరుకు ఫోను చేసినా దారి చెబుతారు.

విదేశాల్లో ఉంటున్న మనవాళ్లు ఇదే స్థితిలో పడినప్పుడు పద్ధతి మారుతుంది. బ్రిటన్‌లో 1964 నుంచే ఇటువంటి పథకం ఉంది. ఇంగ్లండ్, వేల్స్, స్కాట్లాండ్‌లకు ఇప్పుడు నడుస్తున్నది 2012 నాటిది. నేరం జరిగిన నాటికి అక్కడ స్థిరంగా నివసిస్తున్నవారు అర్హులు కాబట్టి, చదువు కోసం వెళ్లి అక్కడే ఉంటున్న విద్యార్థి తన అర్హతను పరిశీలించుకోవాలి. పది రోజుల పర్యటనకు వెళ్లినవారికి ఆ దారి లేదు. సాధారణంగా 2 ఏళ్లలోగా అర్జీ పెట్టాలి. కాదంటే ముందు అర్జీని కాదన్న సంస్థనే పునఃపరిశీలన కోరాలి, దానికి గడువు 56 రోజులు. ఆ నిర్ణయమూ ప్రతికూలమైతే 90 రోజుల్లోగా స్వతంత్ర ట్రైబ్యునల్‌కు అప్పీలు. పునఃపరిశీలన దశను దాటేసి నేరుగా ట్రైబ్యునల్‌కు వెళ్లలేరు. పోలీసులకు వీలైనంత త్వరగా ఫిర్యాదు చేయలేదన్న కారణం అక్కడ చాలా గట్టిగా పనిచేస్తుంది. వీసా భయంతోనో, యజమాని భయంతోనో ఫిర్యాదు ఆలస్యం చేసే మన పిల్లలు ముఖ్యంగా తెలుసుకోవలసింది ఇది. అక్కడా శిక్ష పడితేనే పరిహారం అన్న నియమం లేదు.

మళ్లీ మన దగ్గరికి వస్తే, అప్పీలు గెలిచిన తర్వాత ఒక పని మిగిలి ఉంటుంది. ఉత్తర్వు ప్రతిని, ఆధార్, బాధితురాలి సొంత పేరున ఉన్న బ్యాంకు ఖాతా వివరాలను జిల్లా సంస్థలో ఇచ్చి, ఇచ్చినట్టు రశీదు తీసుకోవాలి. ఖాతా బంధువుల పేరున ఉండకుండా చూసుకోవాలి. డిపాజిట్‌లో ఉంచిన 75 శాతం మూడేళ్ల దాకా కదలదనుకుని వడ్డీకి అప్పులు తెచ్చుకునేవారు ఉన్నారు. చదువుకు, వైద్యానికి, తప్పనిసరి అవసరాలకు ముందుగానే తీసుకునేందుకు అదే సంస్థకు దరఖాస్తు చేసుకోవచ్చు. ఆసుపత్రి అంచనా పత్రం గానీ కాలేజీ ఫీజు చలానా గానీ జతచేస్తే దాన్ని పరిశీలించి అనుమతించే అధికారం ఆ సంస్థకు ఉంది.